గనుల సొమ్ము కాదు, శిస్తు సొమ్ము

పాలమూరు సంస్థానాలు: వనపర్తి చివరి రాజు

వనపర్తి చివరి రాజు కథలోకి వెళ్లేముందు కొంచెం గనుల సంగతి మాట్లాడుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలో పేరుమోసిన కళాపోషకుల్లో చాలామంది గనుల మీద గడించినవాళ్లే. దక్షిణాఫ్రికాలో లయొనెల్ ఫిలిప్స్ బంగారు గనుల్లో అపారంగా సంపాదించాడు. ఆయన భార్య ఫ్లోరెన్స్ పట్టుబట్టి తోటి గనుల యజమానుల దగ్గర చందాలు వసూలు చేసి, బొమ్మలు కొనిపించి, 1910లో జొహన్నెస్‌బర్గ్‌కు ఒక చిత్రశాలను తెచ్చిపెట్టింది. దాని భవనానికి నమూనా గీసిన ఎడ్విన్ లుట్యెన్స్‌ తర్వాత ఢిల్లీలో మన నిజాంకు హైదరాబాద్ హౌస్ కట్టిపెట్టాడు. అమెరికాలో గుగ్గెన్‌హైమ్ కుటుంబం సీసం, వెండి, రాగి గనుల్లో కోటీశ్వరులైంది. అందులో సాలొమన్ అనే ఆయన ముసలితనంలో ఆధునిక చిత్రకళ మీద మోజు పడ్డాడు. న్యూయార్క్‌లో ఆయన పేరు మీద ఉన్న గుండ్రటి మ్యూజియం 1959లో తెరిచారు. ఆ ఏడాదిని గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

నిజాం రాజ్యంలోనూ గనులకు కొదవ లేదు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. గద్వాలకు పడమట లింగసుగూరు తాలూకా హట్టిలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట తవ్విన బంగారు గుంటలున్నాయి. అప్పట్లో గద్వాల, హట్టి రెండూ రాయచూరు జిల్లా కిందివే. ఇంత ఖనిజం ఉంది కదా, మనకూ ఒక ఫిలిప్స్, ఒక గుగ్గెన్‌హైమ్ పుట్టాలి కదా అనిపిస్తుంది. పుట్టింది మాత్రం కుంభకోణం.

1886లో రాజ్యమంతటి ఖనిజాల మీద 99 ఏళ్ల హక్కును లండన్‌కు చెందిన వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి రాసిచ్చారు. వాళ్లు పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ మూలధనం కాగితం మీద పది లక్షల పౌన్లు. మొత్తం లక్ష వాటాల్లో 85,000 వాటాలను పైసా కట్టకుండా తమ పేర్న రాసుకున్నారు. జనానికి అమ్మింది 15,000 మాత్రమే. ఈ బేరం కుదిర్చిన నిజాం అధికారి సర్దార్ అబ్దుల్ హక్. ఆయన తన చేతికొచ్చిన వాటాల్లో 10,000 వాటాలను ఒక్కొక్కటి 12 పౌన్ల చొప్పున తిరిగి నిజాం ప్రభుత్వానికే అంటగట్టాడు. గుట్టు బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది, సర్దార్ గారి పదవి ఊడింది. సింగరేణి బొగ్గు రైళ్లెక్కింది, హట్టి బంగారం కొన్నాళ్లు పైకొచ్చి ఆగింది. ఆ వాటాల లాభం మీద ఒక కవి గానీ గాయకుడు గానీ బతికిన దాఖలా మాత్రం నాకు కనబడలేదు.

మన ప్రాంతంలో కళలను పోషించిన సొమ్ము వేరే దారిన వచ్చింది. అది భూమిలోపలి సొమ్ము కాదు, భూమి పైనుంచి వసూలైన శిస్తు.

గద్వాల సంగతి గత భాగాల్లో చూశాం కనుక క్లుప్తంగా చెబుతాను. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ నడిగడ్డ సంస్థానం విస్తీర్ణం ఇంపీరియల్ గెజెటియర్ లెక్కలో 864 చదరపు మైళ్లు, ఊళ్లు 214. ఏటా నిజాంకు కట్టాల్సిన పేష్కష్ 86,840 రూపాయలు. అది పోగా మిగిలిన దాంట్లోంచే కోట ఖర్చు, గుడి ఖర్చు, పండితుల ఖర్చు. పద్దెనిమిదో శతాబ్దంలో చిన సోమభూపాలుడి కొలువులో కాణాదం పెద్దన సోమయాజి లాంటి కవులుండేవారు. ఆ తర్వాత ఏటా కార్తీకంలో, మాఘంలో పండిత సభలు. నది పొంగితే పుట్టిలో, తగ్గితే ఎడ్లబండి మీద ఎక్కడెక్కడి పండితులో గద్వాల చేరేవారు. తర్కం, వ్యాకరణం, వేదాంతం, సాహిత్యం, ఎవరి శాస్త్రంలో వారికి పరీక్ష. నెగ్గినవారికి సంభావన. బాగా నచ్చితే వార్షికం, అంటే ఏటేటా వచ్చి పుచ్చుకునే హక్కు. గోదావరి జిల్లాల తిరుపతి వేంకట కవులు కూడా గద్వాల, ఆత్మకూరు, వనపర్తి కొలువులకు వచ్చి అవధానాలు చేసి సన్మానాలందుకున్నారు. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు.

గద్వాల చివరి పాలకురాలు ఆదిలక్ష్మీ దేవమ్మ. 1924లో భర్త సీతారామభూపాలుడు పోయిన తర్వాత సంస్థానం భారం ఆమె మీద పడింది, సంస్థానాలు రద్దయిన 1949 దాకా ఆమెదే పెత్తనం. పండిత సభలు ఆగకుండా చూసిన మాట అటుంచితే, రాణి గారు కొందరు నేతగాళ్లను కాశీకి పంపి జరీ పని నేర్పించారని గద్వాలలో ఏ మగ్గం ముందు కూర్చున్నా చెబుతారు. ఆ చీర నేసేది చూస్తే పోషణ అంటే ఏమిటో కొంత బోధపడుతుంది. ఒంటి భాగం నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. నేసే ప్రతి పోగు దగ్గరా నూలు పట్టుతో మెలిక పడి వెనక్కి తిరగాలి. ఒక్క మెలిక తప్పినా అంచు విడిపోతుంది. ఈ పనిని వాళ్లు కుట్టు అంటారు, సూది మాత్రం ఉండదు. అంచు పని అందుకోవడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. ఇంత ఓపిక గల పని సంత బేరం మీద నిలవదు, కొనే పెద్ద ఇల్లు ఒకటి ఉండాలి. ఆ ఇల్లు కోట. ఇవాళ కోట లేకపోయినా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు నియమంగా నేసి పంపుతూనే ఉన్నారు. సంస్థానం పేరు మీద సాగే ఈ ఆనవాయితీ ఏ తాసీల్దారు ఉత్తర్వూ లేకుండానే నడుస్తోంది.

ఇక వనపర్తి.

జనంపల్లి వారి ఈ సంస్థానానికి మొదట సూగూరు రాజధాని. ఎనిమిది భాషలు వచ్చినవాడని పేరుపడిన బహిరి గోపాలరావు ఈ వంశంవాడే. శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి, దాన్ని చుట్టుకున్న రంగసముద్రం చెరువు వీళ్ల హయాంలోవే. పందొమ్మిదో శతాబ్దంలో మొదటి రామేశ్వరరావు పాలించాడు. ఆయనకు విద్య మీద కంటే సైన్యం మీద మోజెక్కువ. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో ఒక ఆశ్విక దళాన్ని పెంచాడు. 1866లో ఆయన పోయాక అది నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాద్‌లో ఏ.సి. గార్డ్స్ అని పిలిచే పేట వాళ్లుండిన చోటే, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నమాట. మాసాబ్‌ట్యాంక్ వైపు రోజూ బస్సెక్కేవాళ్లలో ఎందరికి ఆ పేట మూలం వనపర్తిలో ఉందని తెలుసు?

మన కథానాయకుడు మూడో రామేశ్వరరావు 1923లో పుట్టాడు. తాత రెండో రామేశ్వరరావు అంతకు ముందు ఏడే కన్నుమూశాడు. తండ్రి కృష్ణదేవరావు కూడా చిన్న వయసులోనే పోయాడు. ఇలా ఊహ తెలియని వయసులోనే వారసత్వం వచ్చి పడింది. పెరిగి పెద్దయి కాస్త నిలదొక్కుకునే సరికి 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య వచ్చింది, మరుసటి ఏడుకల్లా సంస్థానం లేదు. ఇరవై ఆరేళ్ల వయసుకే మాజీ రాజు. ఆ వయసులో గద్దె పోయిన దొరలు చాలామంది ఏం చేశారో మనకు తెలుసు. పాత జీపుల్లో వేటకు తిరిగారు, భరణం చాలలేదని కోర్టుకెక్కారు, మహళ్లను గదుల లెక్కన అద్దెకిచ్చారు.

ఈయన మొదట చేసిన పని ఒక చెరువు పనికి నడుం కట్టడం. ఇప్పటి వనపర్తి జిల్లా మదనాపురం మండలంలో చిన్నవాగు మీద కట్టిన ఈ ప్రాజెక్టుకు తల్లి సరళాదేవి పేరు పెట్టారు. 1949 సెప్టెంబర్‌లో అప్పటి మిలిటరీ గవర్నర్ జనరల్ జె.ఎన్. చౌదరి శంకుస్థాపన చేశాడు. పదేళ్లకు, 1959లో సరళాసాగర్ ప్రారంభమైంది. నిజాం రాజ్యంలో చెరువులకు లోటు లేదు, దీని గొప్పంతా నీళ్లు వదిలే తీరులో ఉంది. మిగిలిన ఆనకట్టల్లాగా దీనికి గేట్లు లేవు, గేటు ఎత్తే మనిషీ అక్కర్లేదు. కట్టలో వంపు తిరిగిన బోలు సైఫన్లుంటాయి. చెరువు నిండి నీటిమట్టం లోపలి వంపు దాటగానే జారే నీరు లోపలున్న గాలిని కూడా లాక్కుపోతుంది. గాలి పోగానే గొట్టం నిండుగా నీళ్లను గుంజడం మొదలుపెడుతుంది. మట్టం దిగి గాలి మళ్లీ లోపలికి చొరబడగానే గుంజుడు తనంతట తానే ఆగిపోతుంది. అర్ధరాత్రి వాగు ముంచుకొచ్చినా ఎవరినీ లేపక్కర్లేదు. పెద్దవి 17, వాటిని మేలుకొలిపే చిన్నవి 4. ఆసియాలోనే ఇలాంటిది మొదటిదని ఆ ప్రాంతంవాళ్లు చెప్పుకుంటారు. 2019 డిసెంబర్ 31న కట్టకు గండిపడి నీళ్లన్నీ పోయినప్పుడు పాలమూరు పత్రికలు ఈ చరిత్రంతా మళ్లీ తవ్వి రాశాయి. తర్వాత గండి పూడ్చారు.

అదే 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ మొదలైంది. తండ్రి పేరు మీద కృష్ణదేవరాయ పాలిటెక్నిక్. న్యూయార్క్‌లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తలుపులు తెరిచిన ఏడు అదే అని మొదట చెప్పాను. అక్కడ గనుల కోటీశ్వరుడి డబ్బు బొమ్మలకు ఇల్లు కట్టింది. ఇక్కడ రాజు ఇల్లే డ్రాయింగ్ బోర్డులకు, లేత్ యంత్రాలకు ఇచ్చేశారు. దర్బారు జరిగిన గోడల మధ్య రైతుబిడ్డలు సివిల్, మెకానికల్ డిప్లొమాలు చదివారు. పాలమూరులో ఇంజనీరింగ్ చదివిన మొదటి తరంలో ఎందరికో తొలి హాస్టలు వనపర్తే. రెండింట్లో ఏది గొప్ప అని అడిగితే నేను వనపర్తి వైపే ఉంటాను. పక్షపాతం అనుకుంటే అనుకోండి.

మధ్యలో ఆయన ఆఫ్రికా వెళ్లాడు. నెహ్రూ ప్రభుత్వం విదేశాంగ శాఖలోకి తీసుకుని మొదట నైరోబీలోని భారత కమిషనర్ కార్యాలయానికి పంపింది. తర్వాత పశ్చిమాన అక్రాకు కమిషనర్‌గా వేసింది. అప్పటికి ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్. తెల్లవాళ్లు బంగారం కోసం వచ్చి పెట్టిన పేరు, బంగారం తీసుకెళ్లిపోయిన దేశం. ఎన్‌క్రుమా నాయకత్వంలో అక్కడ స్వాతంత్ర్యోద్యమం ఊపు మీదున్న కాలమది. 1957 మార్చిలో గోల్డ్ కోస్ట్ ఘనా అయింది. వందేళ్ల కిందట ఆఫ్రికా మనుషులను గుర్రాల మీద ఎక్కించి తన దళంలో నిలబెట్టుకున్నాడు మొదటి రామేశ్వరరావు. అదే పేరు, అదే గద్దెకు వారసుడైన ఈయన స్వతంత్ర భారత ప్రతినిధిగా వెళ్లి, తమ దేశం తాము ఏలుకోబోతున్న ఆఫ్రికన్ల సరసన కూర్చున్నాడు. నవలలో రాస్తే కల్పన అంటారు.

తిరిగొచ్చి 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1962లో గద్వాల స్థానం నుంచి గెలిచాడు. గద్వాల గడ్డ వనపర్తి రాజును ఓటేసి పంపడం పాతకాలపు సరిహద్దు తగాదాలు తెలిసినవాళ్లకు నవ్వు తెప్పించే ముచ్చట. ఆ తర్వాత కూడా చాలాకాలం ఎంపీగానే ఉన్నాడు. పార్లమెంటులో ఆయన ఏం మాట్లాడాడన్నది ఈ కథకు అంత ముఖ్యం కాదు కనుక ముందుకు పోదాం.

ముఖ్యమైనది అచ్చు. లండన్ లాంగ్‌మన్ సంస్థకు మన దేశంలో ఉన్న శాఖ 1948లో ఓరియంట్ లాంగ్‌మన్స్ పేరుతో భారతీయ కంపెనీగా మారింది. 1960ల చివరికి దాని పగ్గాలు రామేశ్వరరావు చేతికొచ్చాయి. కొలువులో కవిని కూర్చోబెట్టి వార్షికం ఇవ్వడం తాతల పద్ధతి. రచయితతో ఒప్పందం రాసుకుని పుస్తకం అచ్చేసి, అమ్మిన ప్రతికి రాయల్టీ ఇవ్వడం మనవడి పద్ధతి. మొదటిది దయ, రెండోది హక్కు. ఈ మార్పు ఒక్క మనిషి జీవితంలో జరిగింది. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టిందీ అదే.

ఆ సంస్థ బడి పుస్తకాలు, ముఖ్యంగా గుల్‌మొహర్ ఇంగ్లీషు వాచకాలు చదవని కాన్వెంటు పిల్లలు ఆ తరంలో తక్కువ. ఎక్కువ కలకలం రేపిన పుస్తకం మాత్రం మౌలానా ఆజాద్ ఆత్మకథ ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’. 1958లో ఆజాద్ పోయిన మరుసటి ఏడు దాన్ని ఓరియంట్ లాంగ్‌మన్స్ వేసింది. అయితే ముప్ఫై పేజీలు మాత్రం వేయకుండా కలకత్తా జాతీయ గ్రంథాలయంలో, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో సీలు వేసి దాచారు. తాను పోయిన ముప్ఫై ఏళ్ల తర్వాతే బయటపెట్టాలన్నది ఆజాద్ కోరిక. గడువు నిండాక కోర్టు గుమ్మం ఎక్కిన తర్వాతే సీలు విప్పారు. 1988లో పూర్తి పుస్తకం ఓరియంట్ లాంగ్‌మన్ పేరు మీదే వెలువడింది. దేశ విభజన గురించి నెహ్రూ, పటేల్‌ల మీద ఆజాద్ దాచుకున్న మాటలు కావడంతో పత్రికలు నెలల తరబడి చర్చించాయి. కాంగ్రెస్ తరఫున అన్నేళ్లు ఎంపీగా చేసిన మనిషి సంస్థ నుంచి ఆ పుస్తకం రావడం మరో విశేషం.

ఆయన భార్య శాంత రామేశ్వరరావు. పిల్లల కోసం పురాణ కథలు, మహాభారతం ఇంగ్లీషులో తిరగ చెప్పిన రచయిత్రి. 1961లో హైదరాబాద్ సైఫాబాద్‌లో విద్యారణ్య పాఠశాల మొదలుపెట్టారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలు దానికి పునాది. బెత్తం, ర్యాంకుల పోటీ లేని బడి అంటే ఆ రోజుల్లో వింత. ఇవాళ్టి ర్యాంకుల హోర్డింగులు చూస్తుంటే ఇంకా వింతగానే ఉంది. రామేశ్వరరావు 1998లో, శాంత గారు 2015లో కాలం చేశారు. సంస్థ ఇప్పుడు ఓరియంట్ బ్లాక్‌స్వాన్ పేరుతో హైదరాబాద్ నుంచే నడుస్తోంది.

ఇంతవరకూ మెచ్చుకున్నాను కనుక రెండోవైపు కూడా రాయాలి. ఈ పోషణకంతకూ మూలధనం ఎక్కడిది? జొహన్నెస్‌బర్గ్ చిత్రశాల వెనుక గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న నల్లజాతి కూలీలున్నట్టే, గద్వాల సంభావన వెనుక, వనపర్తి మహలు వెనుక నల్లరేగడిలో జొన్న పండించి శిస్తు కట్టిన రైతు ఉన్నాడు, కూలి లేకుండా వెట్టి చేసిన మనిషి ఉన్నాడు. కొలువులో వ్యాకరణ పరీక్ష జరుగుతున్నప్పుడు కోట కింది ఊళ్లలో చదవడం వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సంభావన ఏ కులం గడప దాటలేదో కూడా మనకు తెలుసు. ఆ ఊళ్లకు చదువు తెచ్చిన పని ఎక్కువగా కోట బయటివాళ్లది. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాద్ కొత్వాలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టలు పెట్టారు. నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవుల పద్యాలు అచ్చేసి ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చారు. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో వనపర్తి ఓటర్లు శాసనసభకు పంపింది ఆ ప్రతాపరెడ్డినే.

సంస్థానాలు పోయినా పాలమూరు రైతుకు నీళ్లు రాలేదు. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోయడానికి దేశమంతా తిరిగారు. పాలమూరు లేబర్ అంటే ఏ రాష్ట్రంలోనైనా కాంట్రాక్టరుకు తెలుసు. ఒక సరళాసాగర్, ఒక పాలిటెక్నిక్ ఆ కరువుకు చాలవు. అవి కూడా చేయని దొరలే ఎక్కువన్నది నిజం. అందుకే రామేశ్వరరావుకు మార్కులు వేస్తాను, నూటికి నూరు మాత్రం వేయను.

గనుల మాట పూర్తిగా ముగిసిపోయిందనుకోకండి. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు 2019లో చెంచుల నుంచి సినిమావాళ్ల దాకా లేచి వద్దన్నారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ కూడా ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. నల్లమల కింద ఏముందో కాని, దాన్ని తవ్వి దాతలయ్యే భాగ్యం ఎవరికీ ఇవ్వలేదు ఆ జనం.

వచ్చే భాగంలో అదే జిల్లాలోని కొల్లాపురం చేరుదాం. ‘చంద్రికా పరిణయం’ రాసిన సురభి మాధవరాయలు, ఎలకూచి బాలసరస్వతి, జటప్రోలు మదనగోపాలుడి గుడి అక్కడి కథలు. ఈలోగా పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో తాతల నాటి సంస్థానం రసీదులు, శిస్తు పట్టీలు, వార్షికాల సన్నదులు ఉంటే చెదలకు వదిలేయకండి. ఉర్దూలో ఉన్నాయని పారేయకండి. ఒక నకలు తీసి మీ జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. కొలువులో కూర్చున్న కవుల పేర్లు చాలావరకు దొరికాయి, శిస్తు కట్టినవాళ్ల పేర్లు ఆ కాగితాల్లోనే ఉన్నాయి.